చెవిన పడని మాట

వీధి మొగదల కుప్పయ్య కనబడగానే వరదమ్మ ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఉత్సవం రెండో రోజు, మంగళవారం. తెల్లవారుజామున నెత్తిన పోసుకున్న నీళ్ళు ఇంకా వెన్ను మీద కారుతూనే ఉన్నాయి. తడిచీరతోనే, గుక్కెడు నీళ్ళయినా గొంతులో పోసుకోకుండా, వీధి వసారాలో నిలబడి పెరుమాళ్ళ పొంగలికి మిరియాలు దంచుతోంది. పక్కన గంగాళంలో చింతపండు నానుతోంది. మొగుడు సారంగపాణి కోడి కూయకముందే గుడి మడపల్లిలో పొయ్యి రాజేశాడు. ఆ వంటింటి గడప ఆడవాళ్ళు తొక్కకూడదు. కానీ ఆ వంటకు కావలసిన దంచుడూ రుబ్బుడూ చెరుగుడూ అంతా ఇంట్లో ఆడదాని రెక్కల మీదే సాగాలి. ఇదెక్కడి శాస్త్రమని అడిగే నోరు ఆ వీధిలో ఎవరికీ లేదు.

కుప్పయ్య సత్యవేడులో రంగరాజు గారింట్లో సేద్యగాడు. రంగరాజు అంటే సారంగపాణికి పెదనాయన కొడుకు. గోత్రం ఒకటే, ఇంటిపేరు ఒకటే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు పక్షవాతం వచ్చి పడిపోయాడనీ, డాక్టరు పెదవి విరిచాడనీ పోయిన వారమే జాబు వచ్చింది. ఇప్పుడు ఆ ఇంటి మనిషి మొదటి బస్సుకు దిగి, తలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా పరుగులాంటి నడకతో వస్తున్నాడంటే ఇంకేమనుకోవాలి?

"పెరుమాళ్ళా, ఈ ఉత్సవం అయ్యేదాకా అన్నా ఆగకూడదా!" అనుకుంది వరదమ్మ. అనుకున్నందుకు వెంటనే నాలిక కరుచుకుంది.

తొందరపడి ఆమెను తిట్టకండి. ఆ గుడిలో ఉత్సవాల వంట నాలుగిళ్ళవాళ్ళకు వంతులు వేసి ఉంది. నాలుగేళ్ళకు ఒకసారి గానీ వంతు రాదు. మామూలు రోజుల్లో సారంగపాణికి గుడి ఇచ్చేది నెలకు నలభై రూపాయలు, పూటకు పట్టెడు ప్రసాదం. బియ్యం కిలో రెండున్నర పలుకుతున్న రోజులవి. ఉత్సవం వంతు చేసిన ఇంటికి మాత్రం ధర్మకర్తలు వడ్లు కొలిచి పంపిస్తారు. ఆ వడ్లు ఉంటే ఆ ఏడు సంసారం గట్టెక్కుతుంది. ఈ నడుమ సారంగపాణి దాయాదుల్లో ఎవరైనా పోతే పది రోజులు మైల. మైల మనిషి గుడి గడప తొక్కరాదు, వంతు వేరే గోత్రం వాడైన పక్కింటి తిరుమలయ్యకు పోతుంది.

పోయిన వంతప్పుడు అదే జరిగింది. రేపు ధ్వజారోహణం అనగా దాయాదుల ఇంట బిడ్డ పుట్టి పురుడు వచ్చింది. బిడ్డ పుడితే సంతోషించాలి గదా! వరదమ్మ తలుపు మూసుకుని ఏడ్చింది. ఆ ఏడు వకుళ స్కూలు చదువు అయిపోయి కాలేజీలో చేరవలసిన ఏడు. ఉన్న ఒక్క కూతురు జిల్లాకే మొదటి మార్కులు తెచ్చుకుని, ఏడాది పొడుగునా ఇంట్లో కూర్చుని విస్తళ్ళు కుట్టింది. ఆ కుట్టే చేతుల్ని చూసినప్పుడల్లా వరదమ్మ మొహం తిప్పుకునేది. మళ్ళీ ఆ గతి పట్టనివ్వనని అప్పుడే మనసులో ముడి వేసుకుంది.

శాస్త్రం రాసినవాడు ఎవడో గానీ ఒక సందు వదిలిపెట్టాడు. చావు జరిగితే మైల రాదు. చెవిన పడితేనే వస్తుంది. పెళ్ళి నడుస్తున్న ఇంటికి చావు కబురు వస్తే కబురు తెచ్చినవాణ్ణి ఊరి బయటే ఆపేస్తారు. జాబు వస్తే విప్పరు. అందరికీ తెలుసు, ఎవరూ వినలేదు. వినలేదు గనుక ఎవరూ పోలేదు. ఆ వీధిలో ఎన్నో పెళ్ళిళ్ళు ఆ సందులోనుంచే దాటి బయటపడ్డాయి.

"ఆగు! ఆడనే ఆగు కుప్పయ్యా!" అని అరిచింది.

కుప్పయ్య ఆగాడు. అరుగుకు ఎంత దూరంలో ఆగాలో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పుట్టిన దగ్గరనుంచీ అక్కడే ఆగుతున్నాడు. అయినా ఆమె అరిచిన అరుపుకు ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు.

"దండం అమ్మణ్ణీ. సత్యేడు నుంచి వస్తాండా. శానా అవసరమమ్మా. పాపకి సెప్పాల. అయ్యోరు..."

వరదమ్మ రోకలి వదిలేసి రెండు చెవులూ మూసుకుంది. "నోరు తెరవద్దు! నువ్వేమి చెప్పేదానికి వచ్చినావో నాకు తెలుసు. తెలిసిపోయింది. నువ్వు చెప్పొద్దు!"

చెవులతో పాటు కళ్ళు కూడా గట్టిగా మూసుకుంది. తెరిచి ఉంటే కుప్పయ్య మొహం కనబడి ఉండేది.

"తెలిసిపోయిందా అమ్మణ్ణీ? ముందే తెలిసిందా?" కుప్పయ్య గొంతు తేలికపడింది. "అట్లయితే సరే. పాపకి..."

"పాపకు నేనే చెప్పుకుంటాలే. నువ్వు ఈ ఊళ్ళో ఎవరితోనూ ఎత్తవద్దు. ఆయనతో కూడా. ఉత్సవం నడస్తా ఉండాది, నీకు తెలీదా? పెరుమాళ్ళ మీద ఒట్టు!"

పెద్దోళ్ళ ఆచారాలు కుప్పయ్యకు కొత్త కాదు. ఉత్సవంలో ఏ మాట ఎత్తాలో ఏది ఎత్తకూడదో వాళ్ళకే తెలియాలి. తల ఊపాడు. వరదమ్మ లోపలికి పోయి నిన్నటి పులిహోర ఆకులో పెట్టి తెచ్చి అరుగు చివర పెట్టి వెనక్కి జరిగింది. అతను వచ్చి తీసుకుని, దండం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఆ పొద్దు వరం వాకిటి దాకా నడిచి వచ్చింది. పూజారి దాకా పోవలసిన పని కూడా లేకపోయింది.

వరదమ్మ మళ్ళీ రోకలి అందుకుంది. పోటు పోటుకీ కళ్ళ నీళ్ళు. మిరియాల ఘాటని చెప్పుకోవచ్చు, ఎవరైనా చూస్తే. రంగరాజు బావగారు ఎంత మంచి మనిషి! వకుళకు తొమ్మిదేళ్ళప్పుడు ఎండాకాలం సెలవులకు సత్యవేడు పోతే, ఆ పిల్ల ఆయన హైస్కూలు పిల్లల లెక్కలు పక్కన కూర్చుని నోటితో చెప్పేస్తుంటే ఆయన నిర్ఘాంతపోయాడు. "తమ్ముడూ, ఈ పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టినావంటే నీ మొహం చూడను" అన్నాడు సారంగపాణితో. పిల్లలు లేని మనిషి. తన మనసంతా ఆ పిల్ల మీదే పెట్టుకున్నాడు.

మద్రాసు సంగతి కూడా ఆయనదే. తిరుపతి కాలేజీలో బియస్సీ మొదటి ఏడు కాగానే, "ఈడ చెప్పేవాళ్ళకంటే నువ్వు ముందు పోతాండావు. నీకు ఈడ చాలదు" అని తేల్చాడు. మద్రాసులో పెద్ద యూనివర్సిటీ ఒకటి బయటి కాలేజీల పిల్లలకు పరీక్ష పెట్టి, గణితం ఆనర్సు రెండో ఏటికి ఒకే ఒక్కరిని తీసుకుంటుంది. ఫీజు లేదు, హాస్టలు వాళ్ళదే, పైన స్కాలర్‌షిప్పు. రాష్ట్రాలు రాష్ట్రాలే ఎగబడి రాసే పరీక్ష. రంగరాజే తన ఇంటి అడ్రసుతో దరఖాస్తు పెట్టించి, వెంటబెట్టుకుని తీసుకుపోయి రాయించాడు. వకుళ పేరు రెండోది వచ్చింది. ఉన్నది ఒక్క సీటు. ఒక్క పేరు తేడాతో పిల్ల మళ్ళీ పొద్దుటి పాసింజరు ఎక్కి తిరుపతి కాలేజీకే పోతోంది. "మొదటి పిల్లోడు మానుకుంటే నీకే" అని రంగరాజు ధైర్యం చెప్పాడు గానీ అట్లాంటి సీటు ఎవడు మానుకుంటాడు? కాలేజీలు తెరిచి నెల కావస్తున్నది.

అట్లాంటి మనిషి పోతే నోరారా ఏడవను కూడా లేదు. ఆ సాయంత్రం రైలు దిగి వచ్చిన వకుళ కాళ్ళు కడుక్కుని, పుస్తకం ముందేసుకుని, "పెదనాయన ఎట్లుండాడో ఏమో అమ్మా. ఒక్కనాడు పోయి చూసొస్తాను" అంది.

"ఉత్సవం కానీ" అంది వరదమ్మ, అటు తిరిగి.

"నాయన రాకుంటే ఏం, నేనొక్కతే పోతాను. సత్యవేడేమన్నా అమెరికానా?"

"కానీ అంటున్నానా! నోరు మూసుకుని చదువుకో."

వకుళ వింతగా చూసింది. అమ్మ గొంతు ఎప్పుడూ అట్లా ఉండదు. పని ఎక్కువై విసుక్కుంటోంది అనుకుని, పుస్తకం పక్కన పెట్టి వచ్చి చింతపండు పిసకడానికి కూర్చుంది. ఆ పిల్ల పక్కన కూర్చుంటే వరదమ్మకు ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. పోయిన మనిషికి తొలినాళ్ళ కర్మలు ఎవరు చేస్తున్నారో, ఆయన భార్య ఆనందమ్మక్క ఒక్కతే ఎట్లా ఉందో! ఇంతమంది దాయాదులుండీ ఒక్కరూ పోలేదని ఎంత నొచ్చుకుంటోందో! అన్నం తింటూ మధ్యలో ముద్ద ఆపేసేది. "ఉప్పెక్కువైందా?" అనేవాడు సారంగపాణి. ఏమీ తెలియని ఆయన మొహం చూస్తే జాలి వేసేది, కోపమూ వచ్చేది. ఒక ఇంట్లో ముగ్గురుంటే చావు ఒక్కదాని గొంతులోనే ఇరుక్కుని ఉంది.

శుక్రవారం గరుడసేవ. ఊరంతా వీధిలోనే ఉంది. మేళాలు, దివిటీలు, కొబ్బరికాయల చప్పుడు. వకుళ ఆ సాయంత్రం కాలేజీ నుంచి తొందరగా వచ్చి, తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని తల్లి పక్కన నిలబడింది. స్వామి తమ వాకిట ఆగినప్పుడు రెండు చేతులూ జోడించి, "అమ్మా, ఆ మద్రాసు పిల్లోడికి జ్వరమన్నా తెప్పించమని అడిగితే తప్పా?" అని నవ్వింది.

"తప్పే" అంది వరదమ్మ. నవ్వబోయి ఏడ్చేసింది.

"ఏందమ్మా నువ్వు! సరదాకన్నాను. నాకు ఈ కాలేజీ చాల్లే. చదువు ఆగకుంటే అదే పదివేలు" అని వకుళ తల్లి భుజం పట్టుకుంది. ఈ పిల్ల చదువు ఆగకూడదనే కదా ఇంత పాపం మూట కట్టుకుంటున్నాను అనుకుంది వరదమ్మ. స్వామి కదిలాడు. జనం వెంట కదిలారు.

ఉత్సవం ముగిసింది. వంతు నిర్విఘ్నంగా జరిగింది. వడ్లు ఎప్పుడు తోలించుకుంటావని ధర్మకర్త గుమాస్తా సారంగపాణిని అడిగాడు కూడా.

మర్నాడు పొద్దున్నే వరదమ్మ పెరట్లో బావి దగ్గరికి మొగుణ్ణీ కూతుర్నీ పిలిచింది. బావి గట్టు మీద నీళ్ళు తోడి పెట్టి ఉన్నాయి.

"ఏమండీ, చెంబు చేతికి తీసుకోండి. నెత్తిన పోసుకోవాల్సిన మాట ఒకటి ఉండాది." మొగుడి చేతికి చెంబు తానే అందించింది. "సత్యవేడు బావగారు పోయినారు. కుప్పయ్య వచ్చినాడు, ఉత్సవం రెండో నాడు. నేనే చెప్పనీలేదు."

సారంగపాణి చెంబు నిండా ముంచాడు. "అన్నా!" అని గావుకేక పెట్టి నీళ్ళు గుమ్మరించుకున్నాడు. కొంచెం తేరుకున్నాక మొహం తుడుచుకుంటూ, "మంచి పని చేసినావు వరదా. నా చెవిన వేసి ఉంటే వంతు పోయుండును" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

వకుళ నీళ్ళు పోసుకోలేదు. తల్లి మొహంలోకే చూస్తోంది. "ఇన్ని రోజులు! నీకు తెలిసీ! నా పక్కనే కూర్చుని చింతపండు పిసుకుతా ఉన్నావు కదమ్మా. పెదనాయన మొహం ఒక్కసారి కూడా చూడనీకుండా..."

"నీ కోసమేనే!" అంది వరదమ్మ. బకెట్టు ఎత్తి తానే కూతురి నెత్తిన కుమ్మరించింది.

ముగ్గురూ పుత్తూరు పోయి నాగలాపురం మీదుగా సత్యవేడు బస్సు ఎక్కారు. దారి పొడుగునా వకుళ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. వేరుశనగ చేలు, తాటిచెట్లు, ఇటుక బట్టీలు, ఏదీ చూడలేదు. వరదమ్మ కూతురి చేయి పట్టుకోబోతే పిల్ల చేయి తీసేసుకుంది.

దిగి వీధిలోకి తిరిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంటి ముందు ముగ్గు ఉంది.

వరదమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చావింటి ముందు ముగ్గేమిటి? ఇంతలో లోపలినుంచి ఆనందమ్మ వచ్చింది. నొసట కాసంత కుంకుమ, చేతినిండా గాజులు.

"వచ్చినారా! రండి రండి. వకుళా, నువ్వు కూడానా! ఏమండీ, ఎవరొచ్చినారో చూడండి!"

నడవలో మంచం మీద దిండ్లకు ఆనుకుని రంగరాజు కూర్చుని ఉన్నాడు. మనిషి సగానికి సగం తీసిపోయాడు. మూతి ఒక పక్కకు లాగింది, ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. వకుళను చూడగానే కళ్ళు మెరిశాయి. మాట ముద్దముద్దగా వచ్చింది.

"రా... రా అమ్మాయీ. మద్రాసు నుంచి... ఎప్పుడొచ్చినావు?"

సారంగపాణి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చచ్చిపోయిన అన్న మంచం మీద కూర్చుని పలకరిస్తున్నాడు, తన జంధ్యం ఇంకా పొద్దుటి నీళ్ళకు తడిగా ఉంది.

ఆనందమ్మే చెప్పుకుపోయింది. "నువ్వు చేరినావని తెలిసినప్పటినుంచే లేచి కూర్చున్నారమ్మా. ఈయన పాత శిష్యుడు ఒకతను ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే పని చేస్తాడు కదా, మీ ఉత్సవం మొదలైన నాటి రాత్రి ఊరికొచ్చి చెప్పినాడు. ఆ మొదటి పిల్లోడు ఇంజనీరింగులో సీటొచ్చి ఇది వదిలేసినాడంట. నిన్ను రమ్మంటా ఉండారని! జాబు రాస్తే ఎప్పటికి అందేను, కుప్పయ్యను పరిగెత్తించినాము. వాడు వచ్చి, 'అమ్మణ్ణికి ముందే తెలిసిపోయినాది' అన్నాడు. ఆ మాటే ఈయనకు మందు. ఆ పూటే కంచంలో అన్నం పెట్టించుకుని తిన్నారు."

"శుక్రవారమే గదా... ఆఖరు" అన్నాడు రంగరాజు. "అందినావా? అందుకున్నావా అమ్మాయీ?"

వకుళ తల తిప్పి తల్లిని ఒక్కసారి చూసింది. ఆ చూపు వరదమ్మ చచ్చేదాకా మరిచిపోలేదు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండునని తరువాత ఎన్నోసార్లు అనుకుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి, పిల్ల మళ్ళీ మంచం వైపు తిరిగింది. పోయి పెదనాయన పాదాల దగ్గర కూర్చుంది.

"అందినాను పెదనాయనా" అంది.

"చేరినావా?"

"చేరినాను."

రంగరాజు బాగున్న చేత్తో ఆమె తల తడిమాడు. "హాస్టలు?"

"హాస్టలు బాగుండాది. పై అంతస్తులో ఇచ్చినారు. కిటికీ తెరిస్తే సముద్రం కనబడుతుంది. మొదటి రోజు నిద్ర పట్టలేదు, ఆ హోరుకు. ఇప్పుడు అలవాటైంది."

"పాఠాలు... ఎట్లుండాయి?"

"లెక్కలాయన తల నెరిసిన మనిషి. బోర్డు నిండా రాసి, తుడిపే ముందు వెనక్కి తిరిగి, దీంట్లో తప్పెక్కడుందో చెప్పండి అంటాడు. తప్పేమీ ఉండదు. మేమంతా వెతుకుతా ఉంటాము. నిన్న నేను లేచి, తప్పేమీ లేదండీ అని చెప్పినాను. పేరేందని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"వకుళ అని చెప్పినాను. రంగరాజు గారి శిష్యురాలినని చెప్పినాను."

ముసలాయన వంకర మూతితో నవ్వుతున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వకుళ పమిట కొంగుతో తుడిచింది. అబద్ధం చెప్పడం చేతగాని పిల్ల. చిన్నప్పుడు బెల్లం తింటే అడగకముందే ఒప్పుకునేది. ఎంత నమ్మకంగా చెబుతోందంటే, గుమ్మం దగ్గర నిలబడ్డ వరదమ్మకు ఆ గది, ఆ కిటికీ, ఆ మెరిసే నీళ్ళు కళ్ళకు కట్టాయి. పిల్ల ఎన్ని రాత్రులు అవన్నీ మనసులో అమర్చుకుని ఉందో అప్పుడు తెలిసింది. వరదమ్మ తలుపు పట్టుకుంది.

"మరి... ఈడెందుకు కూర్చున్నావు?" రంగరాజుకు ఒక్కసారిగా కంగారు పుట్టింది. "నన్ను చూసేదానికి... పాఠాలు పోగొట్టుకుంటావా? నాలుగింటికి మద్రాసు బస్సుండాది. పో. కుప్పయ్య ఎక్కిస్తాడు." దిండు కింద తడిమి పది రూపాయల నోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పుస్తకాలకు."

వకుళ వద్దనలేదు. ఆ నోటు కళ్ళకు అద్దుకుంది.

వరదమ్మ పెరట్లోకి వచ్చేసింది. గడ్డివామి దగ్గర కుప్పయ్య ఎడ్లకు మేత వేస్తున్నాడు. ఆమెను చూసి తలగుడ్డ తీసి, పక్కకు తప్పుకోబోయాడు.

"పోవద్దు కుప్పయ్యా." వరదమ్మ నడిచి అతని దగ్గరికే వెళ్ళింది. పేడా గడ్డీ తొక్కుకుంటూ, చేయి చాస్తే అందేంత దగ్గరికి. "ఆ పొద్దు నువ్వు చెప్పేదానికి వచ్చిన మాట చెప్పు."

"నీకు తెలిసిందే గదా అమ్మణ్ణీ..."

"నాకు తెలీదు. నాకేమీ తెలీదు. చెప్పు."

కుప్పయ్య ఆమె మొహం చూశాడు. అతనికి ఏదో అర్థమై మొహం నల్లబడింది. బస్సులో వస్తూ దారంతా వల్లె వేసుకున్న మాట, మరిచిపోలేదు. తల వంచుకుని ఒప్పజెప్పాడు.

"పాపకి మద్రాసులో సీటు కాళీ అయినాదంట. సుక్కురారం సాయంత్రం ఆఫీసు మూసేలోపల వచ్చి సేరాలంట. రాకుంటే ఎనకుండే పేరుకి ఇచ్చేస్తారంట. అయ్యోరు సెప్పమన్నాడు: నాయనకి ఉత్సవం వంతుండాది, రాలేడు. ఆయన రాకున్నా పాప ఒక్కతే అయినా బయిల్దేరాల. ఆగొద్దని సెప్పు, అన్నాడు."

వరదమ్మ చేతులు పక్కనే వేలాడుతున్నాయి. ఈసారి చెవుల దాకా లేవలేదు. శుక్రవారం సాయంత్రం. గరుడసేవ. కనకాంబరాలు. ఆ పిల్ల చేతులు జోడించి సీటు అడుగుతున్న వేళకే ఆ సీటు తలుపు మూసుకున్నదన్నమాట. అదీ స్వామి మూసింది కాదు. ఈ రెండు చేతులు మూసినవి.

"ఎంత పని చేస్తిని రా కుప్పయ్యా!" అని ఆమె గడ్డివామి పక్కనే కూలబడి నోరు నొక్కుకుని ఏడ్చింది. బిగ్గరగా ఏడిస్తే నడవలో ముసలాయనకు వినబడుతుంది. అక్కడ కూడా గొంతులోనే.

కుప్పయ్యతో కలిసి నలుగురూ బస్టాండుకు నడిచారు. సారంగపాణికి అన్న బతికున్నాడన్న సంతోషం ఒక పక్క, ఇదేమి అనర్థమన్న దిగులు ఒక పక్క. ఏదీ పూర్తిగా పట్టుకోలేక, "రాసిపెట్టి లేదమ్మా, ఏం జేస్తాం. చావని మనిషికి చావు కబురు పుడితే ఆయుస్సు పెరుగుతుందంటారు. అట్లా అనుకుందాం" అన్నాడు.

"రాసిపెట్టే ఉండాది నాయనా" అంది వకుళ. "చెప్పి కూడా పంపించినారు. మనమే వినలేదు."

పుత్తూరు బస్సు చింతచెట్టు కింద నిలబడి ఉంది. సారంగపాణి అటు నడిచాడు. వకుళ రోడ్డు దాటి ఆ పక్కకు పోయింది. అక్కడ కండక్టరు "మద్రాస్, మద్రాస్" అని అరుస్తున్నాడు.

"వకుళా! అటెక్కడికి? ఆయనకంటే ఏదో చెప్పినావు, సరే. ఇంటికి పోదాం రా."

"నేను రాను నాయనా."

"గడువు పోయి ఎన్నాళ్ళైంది! ఇంకొకరిని చేర్చుకునుంటారు."

"చేర్చుకునే ఉంటారు. ఆ మాట వాళ్ళను చెప్పనీండి. నేను వింటాను. చెప్పకముందే తెలిసిపోయిందని ఇంట్లో కూర్చోను."

"ఒంటరిగా, ఆడపిల్లవు... నలుగురూ వింటే ఏమంటారు?"

వకుళ బస్సు వైపు నడిచింది. పొద్దుటి నీళ్ళకు తడిసి ఒంటిమీదే ఆరిన చీర, చేతిలో మడిచిన పది రూపాయలు. అంతకంటే ఆమె దగ్గర ఏమీ లేదు. మెట్టు ఎక్కబోతుంటే వరదమ్మ పరుగెత్తి కొంగు పట్టుకుంది.

"నేను కూడా వస్తానే తల్లీ. నేను వాళ్ళ కాళ్ళు పట్టుకుని చెప్తాను. తప్పు నాది, నా బిడ్డది కాదని చెప్తాను."

"వద్దు" అంది వకుళ. మెల్లగా కొంగు విడిపించుకుంది. "నువ్వు రావద్దమ్మా."

బస్సు కదిలింది. కిటికీలో పిల్ల మొహం సగమే కనబడుతోంది, అదీ ముందుకు చూస్తోంది. వరదమ్మ బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తింది. "వాళ్ళు కాదంటే మళ్ళీ అడుగు! వకుళా! కాదన్నారని వచ్చేయొద్దు, మళ్ళీ అడుగు!" అని గొంతు చించుకుని అరిచింది. జన్మలో ఆమె వీధిలో అంత గట్టిగా అరవడం అదే మొదలు. ఇంజను హోరు, హారను మోత, రేగిన దుమ్ము. కిటికీలో మొహం తిరిగిందో లేదో దుమ్ములో తెలియలేదు.

రోడ్డుకు అవతల సారంగపాణి పుత్తూరు బస్సు పక్కన నిలబడి, "వరదా! బస్సు పోతాండాది, రా!" అని పిలుస్తున్నాడు. ఆమె కదలలేదు. కుప్పయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి దూరం చూసుకోలేదు.

"పాపకి ఇనబడినాదా అమ్మణ్ణీ?" అని అడిగాడు.

వరదమ్మ మద్రాసు రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. "తెలీదు కుప్పయ్యా" అంది.